సాంచెలు ఆగిన ఎండాకాలం

మా ఆయనకు మెల్లగా మాట్లాడటం రాదు. పుట్టుకతో వచ్చిన గుణం కాదది, సిరిసిల్ల నేర్పిన విద్య. మా క్లినిక్కుకు అటు పక్క సాంచెల షెడ్డు, ఇటు పక్క సాంచెల షెడ్డు, ఎదురుగా ఇంకొకటి. మరమగ్గాలను ఇక్కడ సాంచెలంటారు. పొద్దున మొదలైతే వాటికి అలుపు లేదు. వాటి మధ్య పుట్టి, వాటి మీదే పని చేసే మనుషులకు వయసు మళ్లకముందే చెవులు మందగిస్తాయి. అరిచి చెబితే తప్ప ఏ గోలీ ఎప్పుడు వేసుకోవాలో వాళ్లకు ఎక్కదు. ఆ అలవాటుతో డాక్టర్ జగన్మోహన్ రావు గారు ఇంట్లో ఉప్పు అందుకోమన్నా చాటింపు వేసినట్టే అడుగుతారు.

ఆయనకు ఇంకో అలవాటు కూడా ఉంది. పేషెంటుకు ఏ రోగముంటే ఆ రోగం తనకూ ఉందనో, ఒకప్పుడు ఉండేదనో చెబుతారు. "నాకు సుత షుగరే. నేను సుత గీ గోలే మింగుత. ఏమైంది? మంచిగనే ఉన్న గద!" అంటారు. షుగరు నిజమే. మోకాళ్ల నొప్పులూ నిజమే. మూలశంక సంగతి మాత్రం నాకు టీ కొట్టు హన్మంతు చెబితే తెలిసింది. "సారుకు సుత గదే బాధనటగదమ్మా, పాపం" అని టీ గ్లాసు చేతిలో పెట్టి అతను జాలిగా నిలబడితే నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. ఆ రోజు ఇంటికొచ్చాక ఆయన్ని కడిగేశాను.

"మొగని రోగం పెండ్లానికి టీ కొట్టోడు చెప్పాల్నా?" అన్నాను.

ఆయన నవ్వారు. "డాక్టరు చెప్తే ఇంటలేరు ఉషా. రోగం ఉన్నోడు చెప్తే ఇంటున్నరు. ఏం జెయ్యాలె మరి?"

నేను కూర్చునేది బయటి హాల్లో, మందుల కౌంటర్ దగ్గర. నాకూ ఆయన గదికీ మధ్య ఉన్నది ఉత్త ప్లైవుడ్ గోడ. అయినా సాంచెల చప్పుడులో లోపలి మాట ఒక్కటీ బయటికి రాదు. పేషెంట్లు బయటికొచ్చి చెబితేనే ఆయన ముచ్చట్లు నాకు చేరేవి. మా ఆయన గురించి నాకు తెలియాల్సినవి చాలా మట్టుకు అలాగే తెలిశాయి. నాకదో తమాషాగా ఉండేది. నలుగురిలో చెప్పుకుని నవ్వేదాన్ని కూడా.

ఇంకో సంగతీ ఇక్కడే చెప్పాలి. మా కార్మికవాడలో అలేఖ్యలు ఎక్కువ. మందుల కోసం పేరు పిలిస్తే ఒక్కోసారి ఇద్దరు లేచి నిలబడతారు. ఆ పేరు నాకు తెలిసిన పేరే. నా తొలి కాన్పప్పుడు, ఆడపిల్ల పుడితే పెట్టుకుందామని ఒక వారపత్రికలో చూసి ఏరుకున్నాను. ఆయన ఒక్కరికే చెప్పాను. నోరు తిరగదు, ఇంకోటి చూడు అని ఆయన నవ్వారు. ఆ పిల్ల మాకు దక్కలేదు. చచ్చి పుట్టిందన్నారు. తర్వాత కార్తికేయ పుట్టాడు, చదివాడు, ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఆ పేరు మాత్రం మళ్లీ నా నోట రాలేదు. వాడలో ఏ అలేఖ్యో జలుబు చేసి వచ్చినప్పుడు లోపల చిన్న ముల్లు కదిలేది. ఏదో టీవీ సీరియల్లో పేరయి ఉంటుందని సరిపెట్టుకునేదాన్ని.

పోయిన ఎండాకాలం, హోళీ వెళ్లిన వెంటనే, కూలి రేట్లు పెంచాలని కార్మికులు సమ్మెకు దిగారు. సాంచెలు ఆగిపోయాయి.

సిరిసిల్ల ఎప్పుడైనా అలా మూగబోతుందని నేను కలలో కూడా అనుకోలేదు. మొదటి రోజు నాకు కళ్లు తిరిగినట్టయింది. ఇన్నేళ్లుగా మా హాల్లో ఫ్యాను కిర్రు కిర్రుమంటోందని నాకు ఆ రోజే తెలిసింది. మూడిళ్ల అవతల కుక్కరు కూత వినపడింది. పావురాలు వినపడ్డాయి. మనుషులకు పగలు తోచడం లేదు, రాత్రి నిద్ర పట్టడం లేదు. పని లేక ఖాళీగా కూర్చునేసరికి ఒంట్లో ఎన్ని నొప్పులున్నాయో లెక్కకొచ్చి, మా హాలు నిండిపోయింది.

ఆయన మాత్రం సాంచెలు నడుస్తున్నట్టే అరుస్తున్నారు. "ఎర్రయ్యా! ఎన్ని దినాలాయె దొడ్డికి పోక?" అని లోపల అడిగితే హాలంతా ముసిముసిగా నవ్వింది. ఎర్రయ్య బయటికొచ్చి ఎవరి మొహమూ చూడకుండా చెప్పులేసుకుని పోయాడు. నేను లోపలికి వెళ్లి, "ఎవ్వలకు చెప్తున్నరు, మానేరు వాగు అవుతలోళ్లకా? సాంచెలు బందున్నయి, యాది పెట్టుకోండ్రి" అన్నాను. "అరె, అవు గద" అన్నారు. కాసేపు గొంతు తగ్గించారు. మళ్లీ మామూలే. చెవుడు పేషెంట్లది, అలవాటు ఈయనది. నేను కూడా వదిలేశాను. నిజం చెప్పాలంటే ఆ వారమంతా నాకు మంచి కాలక్షేపంగా ఉంది.

సమ్మె ముదిరాక ఒక పొద్దున శంకరవ్వ తన చిన్న కొడుకు ప్రేమ్‌కుమార్‌నూ కోడలు స్వర్ణలతనూ తీసుకుని వచ్చింది. శంకరవ్వది మా క్లినిక్కుకు వెనక బజారే. స్వర్ణలతకు నెలలు నిండుతున్నాయి. తలకు బిగుతుగా గుడ్డ కట్టుకుని ఉంది. కాళ్లకు మొగుడి రబ్బరు చెప్పులు. తన చెప్పులు పట్టడం లేదట. ఆ పాదాలు చూసి నేను తల తిప్పుకున్నాను. నా పాదాలూ ఒకప్పుడు అలాగే ఉండేవి.

లోపల ఆయన బీపీ చూశారు. కాసేపాగి మళ్లీ చూశారు. "గిప్పుడే కరీంనగర్ తీస్కపోండ్రి. ఇంటికి గూడ పోవద్దు" అన్నారు.

"గదేంది సారూ" అంది శంకరవ్వ. "తొలి కాన్పు తల్లిగారింట్ల గావాలె గద. కోరుట్లోళ్లు అమాస ఎల్లినంక తోల్కపోతమన్నరు. ఇప్పుడు కరీంనగర్‌కు పోయినమంటే వియ్యంపురాలు నన్ను ఉంచుతదా?"

"నాకు రేపు పొద్దుగాల కలెక్టరాఫీసు కాడ ధర్నా ఉన్నది" అన్నాడు ప్రేమ్‌కుమార్. "కాళ్లు వాసుడు మామూలే గద సారు. ఎండలకు గట్లనే అయితదట."

లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది.

"అవ్వా, మీరిద్దరు బయట కూసోండ్రి" అన్నారు ఆయన. ఆడవాళ్లిద్దరూ వచ్చి హాల్లో కూర్చున్నారు. తలుపు పడింది. నేను ఎవరికో దగ్గు మందు ఇస్తున్నాను.

"ప్రేమ్‌కుమార్! ఎండలకు అన్నవ్ గద? నేను సుత గదే అన్న!"

ప్రేమ్‌కుమార్ కుర్రవాడే, కానీ మీసం రాకముందు నుంచీ సాంచెల మీద ఉన్నవాడు. ఆయన వాడి చెవి దగ్గర వంగి అరుస్తుంటారని ఇక్కడి నుంచే తెలుస్తోంది.

"నా భార్యకు గిట్లనే కాళ్లు వాసినయి. తల నొస్తుందన్నది. కండ్ల ముంగట మెరుపులు మెరుస్తున్నయన్నది. నేను డాక్టరును! పొద్దంత మందికి బీపీ చూసేటోన్ని! ఇంట్ల పెండ్లాం చేతికి ఒక్కసారి పట్టీ కట్టలే. ఎండలకే, నిమ్మకాయ నీళ్లు తాగు అన్న. ఇంటున్నవా?"

ఎవరి గురించి చెబుతున్నారు అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. తర్వాత, పేషెంట్లను దారికి తేవడానికి ఈయన కథలు కూడా అల్లుతారు కాబోలు అనిపించింది. అలా అనిపించి కోపం కూడా వచ్చింది. కట్టుకథకు నేనే దొరికానా అని.

"ఫిట్సచ్చినయి. జగిత్యాలల కడుపు కోసి పిల్లను తీసిండ్రు. ఆడివిల్ల. బతికే పుట్టింది ప్రేమ్‌కుమార్! రెండు దినాలు బతికింది. గీ ఏలు, గిదిగో గీ ఏలు పట్టుకున్నది. గంత గట్టిగ పట్టుకున్నది. నేను నాలుగొద్దుల ముందు బీపీ చూసి ఉంటే అది ఇయ్యాల నీ అంత ఉండేది!"

దగ్గు మందు సీసా నా చేతిలోనే ఉంది. తీసుకోవాల్సిన మనిషి చేయి చాపి అలాగే నిలబడి ఉంది. పైన ఫ్యాను కిర్రుమంటోంది. పిల్ల చచ్చి పుట్టిందని నాకు చెప్పారు. నాకు తెలివి వచ్చేసరికి కడుపు మీద కుట్లున్నాయి, పక్కన ఎవరూ లేరు. మా అమ్మ ఏడుస్తూ చెప్పింది. మా అత్తమ్మ ఏడుస్తూ చెప్పింది. ఈయన తల వంచుకుని కాళ్ల దగ్గర నిలబడ్డారు.

ఎందుకు చచ్చి పుట్టిందో కూడా చెప్పారు. అప్పటికి మా కాపురం జగిత్యాలలో. మెట్‌పల్లిలో మా చిన్నాయన కూతురి పెండ్లి. వద్దని అత్తమ్మ చెప్పింది. నేను వినలేదు. ఆ గుంతల రోడ్డు మీద బస్సెక్కి పోయి వచ్చాను. వచ్చిన మర్నాడే ఫిట్స్. "జెప్పినా ఇనలే, బస్సు కుదుపులకు పిల్ల ఆగమైంది" అని అత్తమ్మ పోయేదాకా అంటూనే ఉంది. నేను ఒక్కసారీ ఎదురు చెప్పలేదు. నిజమే కదా అనుకున్నాను. పట్టు చీర కట్టుకుని ఫోటోకు నిలబడాలనే సంబరంతో కన్నబిడ్డను చంపుకున్నదాన్ని అనుకున్నాను. ఆ తర్వాత నేను ఏ పెండ్లికీ సంబరంగా పోలేదు. మెట్‌పల్లి బోర్డున్న బస్సు కనపడితే ఇప్పటికీ మొహం తిప్పుకుంటాను.

హాల్లో అందరూ నేల చూపులు చూస్తున్నారు. అప్పుడు నాకు రెండో దెబ్బ తగిలింది. ఒక్కరి మొహంలోనూ ఆశ్చర్యం లేదు.

శంకరవ్వ లేచి కౌంటర్ దగ్గరికి వచ్చింది. నా మొహంలోకి చూసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"అమ్మా... నీకు ఎర్కలేదా?"

"నీకెర్కేనా?" అన్నాను.

"మా పెద్దోడు నారాయణ పెండ్లానికి గిట్లనే అయితే సారు వానికి గిదంత చెప్పిండు. మేం గప్పటికప్పుడు కరీంనగర్ ఉరికినం. పిల్ల దక్కింది. పేరు సారే పెట్టిండు. మా అలేఖ్య లేదా, గదే." ఆమె కౌంటర్ మీద ఉన్న నా చేయి పట్టుకుంది. "మా బజార్ల మొగోళ్లకు చానమందికి ఎర్కే. నీ ముంగట గా ముచ్చట తియ్యొద్దు, అమ్మ బాధవడ్తది అని మేమే ఎన్నడు తియ్యలే. నీకు తెల్వదని ఎవ్వలం అనుకోలే తల్లీ."

ఈ వాడ మొత్తం నా బిడ్డను ఎరుగుదురు. నేను ఎరుగను. వచ్చిన ప్రతి అలేఖ్యకూ జలుబు మందు ఇచ్చి, చిల్లర తిరిగిచ్చి, ఇంత కాలం ఈ కౌంటర్లో కూర్చున్నాను.

తలుపు తెరుచుకుంది. ప్రేమ్‌కుమార్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "అవ్వా, లే. కరీంనగర్ పోదాం" అన్నాడు. ధర్నా మాట లేదు, అమావాస్య మాట లేదు. దారిలో వేయాల్సిన గోలీలు నేనే ఇచ్చాను. ఎలా వేయాలో కూడా చెప్పాను. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఆటో కదిలాక ఆయన గుమ్మంలోకి వచ్చారు. "తొందరగ పోండ్రి!" అని అరిచి, నా వైపు తిరిగి, ఆగిపోయారు. నన్ను చూశారు. హాలు చూశారు. తర్వాత మెల్లగా తలెత్తి పైన ఫ్యాను వైపు చూశారు. అది కిర్రుమంటోంది. సమ్మె మొదలైన ఇన్నాళ్లకు దాని చప్పుడు ఆయన చెవిన పడింది.

"ఉషా" అన్నారు.

"పేషెంట్లున్నరు. చూడుండ్రి" అన్నాను.

ఆ తర్వాత మా ఇంట్లో కూడా సమ్మెలాంటిదే జరిగింది. నేను వండాను, ఆయన తిన్నారు. "ఉషా, ఒక్క మాట ఇను" అని మొదలుపెడితే కంచం ఎత్తుకుని లేచిపోయాను. వినాలని లేక కాదు. ఏం విన్నా తట్టుకోలేనని భయం. కార్తికేయ ఫోన్ చేసి, "అమ్మా, గొంతు గట్లున్నదేంది?" అంటే ఎండలు అన్నాను. అన్నాక ఆ మాట నా నోట్లోనే చేదైంది. నీకొక అక్క ఉండెరా అని ఫోన్లో ఎలా చెప్పను?

కోపం నాకు ఆలస్యంగా వచ్చింది. మొదట ఉన్నదంతా అదిరిపాటే. గిన్నె తోముతూ చేయి ఆగిపోయేది. రెండు దినాలు బతికింది. ఆ రెండు దినాలు నేను ఎక్కడున్నాను? దానికి పాలు ఎవరు పట్టారు? అది ఏడ్చిందా? ఆ ప్రశ్నలన్నీ అయ్యాక గాని కోపం రాలేదు. వచ్చాక మాత్రం ఊపిరి తిరగనివ్వలేదు. పిల్ల బతికిన సంగతి దాచడం ఒక ఎత్తు. అది దయ అనుకున్నారేమో. కానీ అత్తమ్మ నన్ను అన్నప్పుడల్లా ఈయన అదే గదిలో ఉన్నారు. పేపరు చదువుకుంటూ ఉన్నారు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, "అది కాదమ్మా" అని ఉంటే ఏం పోయేది?

ప్రేమ్‌కుమార్ మిఠాయి పెట్టెతో వచ్చాడు. ఆపరేషన్ చేశారట. ఆడపిల్ల. చిన్నగా ఉంది, అద్దాల పెట్టెలో ఉంచారు, కానీ గండం లేదన్నారట. స్వర్ణలత లేచి కూర్చుంటోందట. "సారూ, పేరు మీరే చెప్పాలె" అన్నాడు వాడు, హాల్లోనే, అందరి ముందు. ఆయన నా వైపు చూశారు. నేను మందుల అట్టలు సర్దుతున్నాను.

"మీ ఇష్టమున్నది పెట్టుకోండ్రి" అన్నారు ఆయన, ఎన్నడూ లేనంత మెల్లగా. ప్రేమ్‌కుమార్‌కు వినపడలేదు. "ఏం పేరు సారూ?" అని చెవి ముందుకు పెట్టాడు. ఆయన లోపలికి వెళ్లిపోయారు.

మర్నాడు నేను కోరుట్ల బస్సెక్కాను. అక్కడ మా అన్న అర్జున్ రావు ఉంటాడు. మా అమ్మా లేదు, అత్తమ్మా లేదు. అడగడానికి మిగిలింది అతనొక్కడే.

వాకిలంతా ఉడకబెట్టిన పసుపు ఆరబోసి ఉంది. అన్న మోకాళ్ల దాకా పసుపుతో, చెక్క పారతో కొమ్ములు తిరగేస్తున్నాడు. నన్ను చూసి సంబరపడ్డాడు. "ఫోన్ చేస్తే బస్టాండుకు అచ్చేటోన్ని గద చెల్లె!"

"అన్నా, నా తొలి బిడ్డ రెండు దినాలు బతికిందా?" అన్నాను. కూర్చోలేదు, నీళ్లు తాగలేదు.

పార అతని చేతిలోనే ఆగింది. మా అన్న అబద్ధం చెప్పలేడు. చెప్పబోతే చెవులు ఎర్రబడతాయి. నేను ఎప్పుడూ అడగలేదు కాబట్టి చెప్పాల్సిన పని పడలేదు, అంతే.

"బావ చెప్పిండా?" అన్నాడు.

"సిరిసిల్లంత చెప్పిండు. నాకు తప్ప."

అతను పసుపు పక్కనే నేల మీద చతికిలబడ్డాడు. "జీపు నేనే నడిపిన" అన్నాడు. "జగిత్యాలల గా పిల్లలను పెట్టే అద్దాల డబ్బ లేకుండె. కరీంనగర్ ఉరికినం. బావ అక్కడ కాసేపు, ఇక్కడ కాసేపు. జగిత్యాలల నువ్వు సోయిల లేవు, కరీంనగర్ల పిల్ల. రోడ్డు మీదనే తిన్నడో లేదో తెల్వది. పిల్ల పోయినంక నువ్వు కండ్లు తెరిచినవ్. డాక్టరు భయపెట్టిండు, ఇప్పుడు ఏ చిన్న కష్టమైన మెదడు మీదికి పోతదని. అమ్మనే అన్నది, చచ్చి పుట్టిందని చెప్దామని. తర్వాత చెప్దాం, తర్వాత చెప్దాం అనుకుంటనే..."

"నువ్వు ఎత్తుకున్నవా?"

"ఎత్తుకున్న."

"ఎట్లుండె?"

అతను తన పచ్చటి అరచేతులు చూసుకున్నాడు. "గింతనే ఉండె. ఎంటికలు మంచిగుండె. నొసలు నీ లెక్కనే."

నేను అప్పుడు ఏడ్చాను. ఆ వాకిట్లో, ఆ పసుపు మధ్య, ఊళ్లోవాళ్లు తొంగి చూస్తున్నా ఆగకుండా ఏడ్చాను. దాని నొసలు నాలాగే ఉన్నదన్న మాట వినడానికి నేను ముసలిదాన్ని కావాల్సి వచ్చింది.

"యాడ పెట్టిండ్రు?" అన్నాను తేరుకున్నాక.

"బోయినపల్లి కాడ, మీ చెల్కల."

రాళ్లు తప్ప ఏమీ పండని చెలక అది. అమ్మి పడేయమని నేను ఎంత పోరు పెట్టానో! ప్రతి ఎండాకాలం ఒక పొద్దున ఈయన ఒక్కరే అక్కడికి పోయి వచ్చేవారు. "ఏం పంట కోసుకొచ్చిండ్రు?" అని నేను ఎగతాళి చేసేదాన్ని. ఆయన చెప్పుల మట్టి దులుపుకుని లోపలికి పోయేవారు.

ఒక్కటి మిగిలింది. "మరి పెండ్లికి పోయినందుకే గట్లయిందని అందరన్నప్పుడు నువ్వెందుకు ఊకున్నవన్నా?"

అతను నిజంగానే నివ్వెరపోయాడు. "గట్లనే అయిందనుకున్నం గద చెల్లె! బస్సుల పోయినందుకే అని. బావ సుత అక్కడనే ఉండె. ఏం అనలే."

ఏం అనలే. బస్సులో ఆ మాటే పట్టుకుని కూర్చున్నాను. జగిత్యాలలో బస్సు మారాలి. ఏమనిపించిందో, దిగి నా కాన్పయిన ఆ పాత నర్సింగ్ హోం ఉన్న బజారుకు నడిచాను. అది లేదు. దాని చోట చీరల షోరూం ఉంది. అద్దాల తలుపు ముందు నేను నిలబడితే లోపలి నుంచి ఒక అమ్మాయి వచ్చి, "రండి మేడం, పెండ్లి చీరలు చూపియ్యమంటరా?" అంది. వద్దమ్మా అని చెప్పి బస్టాండుకు వచ్చేశాను.

సిరిసిల్లలో దిగేసరికి బజారులో కొబ్బరికాయలు కొడుతున్నారు. సమ్మె తెగిందట. సాంచెల యజమానులు, ఆ ఆసాములు, ఒప్పుకున్నారట. మగవాళ్లు షెడ్ల తలుపులు తీసి నూలు దుమ్ము దులుపుతున్నారు. నేను ఇంటికి పోలేదు. నేరుగా క్లినిక్కుకు వచ్చాను. హాలు నిండా జనం. కౌంటర్ వెనక్కి పోకుండా వాళ్ల వరసలో కూర్చున్నాను. శంకరవ్వ జరిగి చోటిచ్చింది. ఏమీ అడగలేదు. నా వంతు రాగానే తనే నా మోచేతిని తట్టింది.

లోపలికి వెళ్లి, తలుపు వేసి, పేషెంట్లు కూర్చునే స్టూలు మీద కూర్చున్నాను.

"ఎప్పుడచ్చినవ్ ఉషా?" అన్నారు ఆయన.

"గీ స్టూలు మీద కూసున్నోళ్లకు చెప్తరు గద. నాకు సుత చెప్పుండ్రి."

ఆయన మెడలోని స్టెతస్కోపు తీసి బల్ల మీద పెట్టారు. కళ్లజోడు కూడా తీశారు. చాలాసేపు ఆ రెండింటినీ సర్దుతూ ఉన్నారు. ఆయన అంత ముసలివాడైనట్టు నేను అంతకుముందు గమనించలేదు. జాలి వేసింది. జాలి వేసినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

"తల నొస్తుందని నువ్వు చెప్పినవ్" అన్నారు, దాదాపు గుసగుసగా. "కాళ్లు చూపిచ్చినవ్."

"ఎప్పుడు చెప్పిన? పెండ్లికి పోయచ్చినంకనా, పోకముందా?"

"పోకముందే."

"మరి అత్తమ్మ గట్ల అంటుంటే?"

ఆయన తల వంచుకున్నారు. పెదవులు కదిలాయి. అప్పుడే పక్క షెడ్డులో ఒక సాంచె దడదడమని లేచింది. దాని వెంట ఇంకొకటి. ఎదురు షెడ్డు అందుకుంది. చూస్తుండగానే వాడ వాడంతా లేచింది. బల్ల మీద కళ్లజోడు సన్నగా వణికింది. ఫ్యాను చప్పుడు మునిగిపోయింది, పావురాలు మునిగిపోయాయి. ఆయన ఇంకా ఏదో చెబుతూనే ఉన్నారు. నాకు కదిలే పెదవులు తప్ప ఏమీ అందడం లేదు.

"ఇనబడ్తలేదు" అన్నాను. "గట్టిగ చెప్పుండ్రి."

ఆయన తలెత్తి ప్లైవుడ్ గోడ వైపు చూశారు.

"గట్టిగ చెప్పుండ్రి!" అని నేనే అరిచాను. "మందికి చెప్పినట్టు!"

అప్పుడు ఆయన బల్ల మీదుగా వంగారు. నా చెవి దగ్గరికి వచ్చి, ఆ చెవిటి మగ్గాలవాళ్లకు చెప్పినట్టే, గుండెలో ఉన్న గాలంతా పెట్టి అరిచారు.

"నీ తప్పు గాదు ఉషా! పెండ్లి గాదు, బస్సు గాదు! నేను సూడలే! మా అమ్మ నిన్ను అంటుంటే నా తప్పు బయటవడ్తదని ఊకున్న! భయానికి ఊకున్న! నీ తప్పు గాదు!"

ఆయన మెడ నరాలు ఉబ్బాయి. కళ్ల నుంచి నీళ్లు గడ్డం మీదికి కారుతున్నాయి. గోడ అవతల హాలు నిండా జనమున్నారు. ఆ చప్పుడులో వాళ్లలో ఒక్కరికీ వినపడలేదు.

నాకు వినపడింది. ప్రతి మాటా వినపడింది.

"మళ్ల చెప్పుండ్రి" అన్నాను.